బాస్ ప్లేయర్ లేని బాస్: జిమ్మీ స్మిత్ 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్'

నమస్తే అండీ. ఈ వీడియో ఫోన్ స్పీకర్‌లో వింటున్నారా? అయితే ఒక్క నిమిషం ఆపి ఇయర్‌ఫోన్స్ తెచ్చుకోండి. ఇవాళ మనం మాట్లాడుకోబోయే ఆల్బమ్‌లో సరుకంతా అడుగునే ఉంటుంది. ఫోన్ స్పీకర్‌కి ఆ అడుగు అందదు.

తెచ్చుకున్నారా? సరే, మొదలుపెడదాం.

ఆల్బమ్ పేరు 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్'. ఇక్కడ షాక్ అంటే గుడిసె లాంటి షెడ్డు. ఆర్గన్ వాయించే జాజ్ కళాకారుడు జిమ్మీ స్మిత్‌ది. బ్లూ నోట్ అనే రికార్డు కంపెనీ 1963లో విడుదల చేసింది. కవర్ చూడండి ఒకసారి. కోళ్ల షెడ్డు దగ్గర తాపీగా కూర్చున్నాడు మనవాడు, పక్కన ఒక కుక్క. జాజ్ ఆల్బమ్ అంటే సూటూ బూటూ, సిగరెట్ పొగ ఉండే రోజుల్లో ఇదేం కవరండీ! ఫొటో తీసింది ఫ్రాన్సిస్ వుల్ఫ్. ఆల్ఫ్రెడ్ లయన్‌తో కలిసి ఆ కంపెనీని నడిపిన మనిషే.

వాయించింది నలుగురు. హామండ్ ఆర్గన్ మీద జిమ్మీ స్మిత్, టెనర్ శాక్సోఫోన్ స్టాన్లీ టరెంటైన్, గిటార్ కెన్నీ బరెల్, డ్రమ్స్ డొనాల్డ్ బెయిలీ. ఈ లిస్టులో ఎవరు లేరో గమనించారా? బాస్, అంటే అడుగు స్థాయి స్వరాలు పలికే వాయిద్యం, అది వాయించేవాడు లేడు.

ఇప్పుడు టైటిల్ ట్యూన్ పెట్టి మొదటి నిమిషం వినండి. పన్నెండు బార్ల బ్లూస్ (ఇక్కడ బార్ అంటే నాలుగు దెబ్బల తాళం చుట్టు), తొందరేం లేని నడక. పైన శాక్స్, ఆర్గన్ ఏం చేస్తున్నాయో కాసేపు పట్టించుకోకండి. కింద ఒక బాస్ లైను అడుగులో అడుగు వేసుకుంటూ పోతోంది, వినబడుతోందా? అది జిమ్మీ స్మిత్ ఎడమ చెయ్యి. పాదం కింద పెడల్స్ ఉంటాయి, ఆ లైనుకి అక్కడక్కడ వాటితో చిన్న తట్టు ఇస్తాడు. కుడిచెయ్యి సోలోలో ఊగిపోతున్నా ఎడమచేతికి ఆ సంగతే పట్టదు. దాని దారిన అది నడుస్తూనే ఉంటుంది. ఎనిమిది నిమిషాల పాటు. నన్నడిగితే ఈ ఆల్బమ్‌కి హీరో ఆ ఎడమ చెయ్యే.

హామండ్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. లారెన్స్ హామండ్ అనే ఇంజనీరు దీన్ని 1935లో మార్కెట్‌లోకి తెచ్చాడు. పైపు ఆర్గన్ కొనే స్తోమత లేని చర్చిలకి ఇది బాగా పనికొచ్చింది. లోపల 91 లోహపు చక్రాలు మోటారుతో తిరుగుతుంటాయి. ఆ చక్రాల అంచు పళ్లు పళ్లుగా ఉంటుంది. ఒక్కో పన్నూ అయస్కాంతం ముందు నుంచి వెళ్లినప్పుడల్లా తీగచుట్టలో కరెంటు పుడుతుంది, అదే స్వరం. మీట నొక్కగానే మొదట చిన్న 'టిక్' వస్తుంది. హామండ్ కంపెనీ దాన్ని లోపంగా చూసింది, తగ్గించాలని తంటాలు పడింది. జాజ్ వాళ్లకేమో అదే కావాలి! ఆ టిక్ వల్లే స్వరం మొదలు పదునుగా తెగుతుంది, లయ చెవికి తగులుతుంది.

జిమ్మీ స్మిత్ మొదట పియానో మనిషి. వైల్డ్ బిల్ డేవిస్ ఆర్గన్ విన్నాక ఇటు తిరిగాడు. ఫిలడెల్ఫియాలో ఒక గోడౌన్‌లో ఆర్గన్ పెట్టుకుని నెలల తరబడి ఒంటరిగా సాధన చేశాడు. పెడల్స్ కేసి చూడకుండా వాయించాలి కదా, అందుకని వాటి బొమ్మ గీసి గోడకి అంటించుకున్నాడట. 1956 కల్లా బ్లూ నోట్‌కి రికార్డులు మొదలయ్యాయి. అక్కడి నుంచి ఆర్గన్ ముందు కూర్చున్నవాళ్లంతా అయితే ఆయనలా వాయించాలి, లేదంటే ఆయనలా వాయించకుండా ఉండటానికి కష్టపడాలి.

ఈ శాక్స్, ఆర్గన్ జోడీ వెనక లెక్కలు కూడా ఉన్నాయండోయ్. అమెరికాలో ఫిలడెల్ఫియా, నెవార్క్, న్యూయార్క్‌లోని హార్లెం, పిట్స్‌బర్గ్... ఇలాంటి చోట్ల నల్లజాతి వాళ్లుండే పేటల్లో చిన్న చిన్న బార్లుండేవి. ఒక ఆర్గన్ ఉంటే పియానో అక్కర్లేదు, బాస్ మనిషికి డబ్బులివ్వక్కర్లేదు. ఒక డ్రమ్మర్, ఒక టెనర్ శాక్స్ ఉంటే చాలు, గది దద్దరిల్లిపోతుంది. వినేవాళ్లకి కూడా ఆ ఆర్గన్ కొత్తేం కాదు, ఆదివారం చర్చిలో విన్నదే. సోల్ జాజ్ అని తర్వాత పేరొచ్చిన ఈ బాణీ పెరిగింది ఆ బార్లలోనే. చుట్టూ గ్లాసుల చప్పుడు, ఎవరో నవ్వుతుంటారు, ఎవరో ఆర్డర్ చెప్తుంటారు. వాటన్నిటినీ దాటుకుని వినబడాలి. అందుకే ట్యూన్లు తేలిక, లయ మాత్రం బలంగా ఉంటుంది.

ఇక రికార్డింగ్ రోజు. 1960 ఏప్రిల్ 25. న్యూజెర్సీలో ఇంగిల్‌వుడ్ క్లిఫ్స్ అనే ఊరు, రూడీ వాన్ గెల్డర్ స్టూడియో. ఈయన కథ వేరే వీడియో అంత ఉంది. చాలా ఏళ్లు పగలంతా కళ్లు పరీక్షించి అద్దాలు రాసేవాడు, మిగతా టైములో అమ్మానాన్నల ఇంటి హాల్లో జాజ్ రికార్డు చేసేవాడు. 1959లో ఎత్తైన చెక్క కప్పుతో సొంత స్టూడియో కట్టుకున్నాడు.

ఆ ఒక్కరోజు వాయించిన దాంట్లోంచి రెండు ఆల్బమ్‌లొచ్చాయి. మొదటిది 'మిడ్‌నైట్ స్పెషల్', 1961లో వచ్చింది. రెండోది మన చికెన్ షాక్, మూడేళ్లు అలమరలో ఉండి 1963లో బయటికొచ్చింది. ఆపాటికి జిమ్మీ స్మిత్ వెర్వ్ కంపెనీకి పెద్ద బ్యాండుతో ఆల్బమ్ కూడా చేసేశాడు. అంటే ఇవాళ ఆర్గన్ జాజ్ అనగానే అందరూ ముందు చెప్పే ఈ రికార్డు, ఒక రోజు పనిలో మిగిలిన సగం.

ఇప్పుడు టరెంటైన్ దగ్గరికొద్దాం. మనలో చాలామందికి శాక్సోఫోన్ అంటే కద్రి గోపాలనాథ్ గారే గుర్తొస్తారు. ఆయన వాయించింది ఆల్టో. టెనర్ దానికంటే పెద్దది, గొంతు కింద స్థాయిలో ఉంటుంది. టరెంటైన్‌ది పిట్స్‌బర్గ్. నాన్న శాక్స్ వాయించేవాడు, అన్న టామీ ట్రంపెట్. కుర్రతనంలోనే బ్లూస్ బ్యాండ్లతో ఊళ్లు తిరిగాడు. ఈ రికార్డింగ్ నాటికి 26 ఏళ్లు.

ఆ రోజుల్లో టెనర్ వాళ్లు చాలామంది జాన్ కోల్ట్రేన్ అనే శాక్స్ దిగ్గజం దారిలో స్వరాల వర్షం కురిపిస్తుంటే, ఈయన తక్కువ మాట్లాడాడు. ఒక పలుకు అంటాడు, ఆపుతాడు. స్వరాన్ని కాస్త కిందనుంచి ఎత్తుకుని పైకి జార్చి, చివర్లో ఠక్కున కొరికేస్తాడు. ఆ ఆపడం ఉంది చూశారూ, నాకు అసలు కిక్ అక్కడే. శాక్స్ వాయించే మనిషి ఊపిరి తీసుకోవాలి కదా. ఆర్గన్‌కి ఆ అవసరమే లేదు, మీట నొక్కి ఉంచితే స్వరం అలా నిలబడిపోతుంది. ఊపిరితో బతికే వాయిద్యం ఒకటి, ఊపిరే అక్కర్లేనిది ఇంకోటి. రెండూ పక్కపక్కన.

పద్యనాటకం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నటుడు పద్యం పాదం ఎత్తి రాగం తీసి, గుక్క తిప్పుకోవడానికి ఆగుతాడు. ఆ సందులో హార్మోనియం శృతి వదలకుండా పట్టుకుని, అవసరమైతే నాలుగు స్వరాలు కూడా కలుపుతుంది. టరెంటైన్ ఆగిన ప్రతిచోటా జిమ్మీ స్మిత్ చేసేది అదే. కాకపోతే ఈ హార్మోనియం మనిషి మృదంగానికి తోడు కూడా తానే అవుతున్నాడు.

'వెన్ ఐ గ్రో టూ ఓల్డ్ టు డ్రీమ్' వినండి. దాదాపు పది నిమిషాలుంటుంది. సిగ్మండ్ రాంబెర్గ్, ఆస్కార్ హామర్‌స్టైన్ కలిసి 1934లో రాసిన పాట, అసలుది వాల్ట్జ్, అంటే మూడు దెబ్బల లెక్కలో నడిచే డాన్సు బాణీ. వీళ్లు దాన్ని నాలుగు దెబ్బల లెక్కలోకి మార్చేసి హాయిగా ఊపుతారు. సెంటిమెంటు పాట కాస్తా కబుర్లు చెప్పుకుంటూ వీధిలో నడిచినట్టయిపోతుంది. ఆల్బమ్‌లో నాకిష్టమైంది ఇదే.

'మెస్సీ బెస్సీ' పన్నెండు నిమిషాల పైమాట. బార్లో కూర్చుని వినుంటే గంటైనా చాలదనిపించేదేమో కానీ, ఇంట్లో వింటుంటే మాత్రం రెండు నిమిషాలు కోసినా పోయేదేం లేదనిపిస్తుంది నాకు. కామెంట్లలో తిట్టుకోండి పర్లేదు. బరెల్ గిటార్ కోసం మాత్రం పూర్తిగా వినాలి, ఒక్క స్వరం కూడా అనవసరంగా పడదు.

బెయిలీ గురించి ఎవరూ మాట్లాడరు. ఆర్గన్ లాంటి పెద్ద గొంతున్న వాయిద్యం పక్కన డ్రమ్మర్లు గట్టిగా బాదేస్తారు. ఈయన అలా చెయ్యడు. సింబల్ మీద సన్నగా, సూటిగా. అందువల్లే కింద ఆ ఎడమ చెయ్యి మనకి వినబడుతోంది.

ఇక 'మైనర్ చాంట్'. ఇది టరెంటైన్ సొంత ట్యూన్. రెండు నెలలు తిరక్కుండా, అదే ఏడాది జూన్‌లో, ఇదే స్టూడియోలో దీన్ని మళ్లీ వాయించాడు, బ్లూ నోట్‌కి తన పేరు మీద చేసిన మొదటి ఆల్బమ్ 'లుక్ ఔట్!' కోసం. అక్కడ ఆర్గన్ లేదు. పియానో హొరేస్ పార్లాన్, బాస్ జార్జ్ టక్కర్, డ్రమ్స్ అల్ హేర్‌వుడ్. రెండూ ఒకదాని వెనక ఒకటి వినండి. పియానో స్వరం కొట్టగానే తగ్గిపోవడం మొదలవుతుంది, కాబట్టి టరెంటైన్ ఆగినప్పుడు ఆ ఖాళీ ఖాళీగానే వినబడుతుంది. చికెన్ షాక్‌లో అదే చోట కింద ఆర్గన్ పరుచుకుని ఉంటుంది. మీకు ఏది నచ్చిందో కామెంట్ పెట్టండి. నా ఓటు ఆర్గన్‌కే, కానీ టక్కర్ బాస్ విన్న ప్రతిసారీ ఓ క్షణం అటూ ఇటూ అవుతాను.