శోధన (కష్టాల పరీక్ష) రాకముందే వేరూనాలి: నిలబడే ప్రార్థనా జీవితం ఎలా వస్తుంది?

(తెరపై: ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు)

అందరికీ వందనాలు. అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లినవాళ్లు ఈ చింతచెట్టును చూసే ఉంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరం మీద పడినప్పుడు, దాదాపు 150 మంది దీన్ని ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. చుట్టూ ఇళ్లు కొట్టుకుపోయాయి. చెట్టు నిలిచింది. ఆ రోజు అది కొత్తగా చేసిందేమీ లేదు, అన్నేళ్లుగా భూమిలోకి దింపుకున్న వేళ్లే దాన్ని కాపాడాయి.

బైబిల్లో యిర్మీయా 17వ అధ్యాయం కూడా దేవుణ్ణి నమ్ముకున్నవాణ్ణి చెట్టుతోనే పోల్చింది. వానలు లేని ఏడాదిలో కూడా దాని ఆకు పచ్చగానే ఉంటుందట. అంటే వానలు లేని ఏడాది వస్తుంది. నమ్మినవాళ్ల ఇంటికీ వస్తుంది.

మార్కు 4వ అధ్యాయంలో, రాతినేల మీద పడిన విత్తనం లాంటివాళ్ల గురించి యేసు చెప్పిన మాట నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది. వాళ్లు వాక్యాన్ని సంతోషంగా అంగీకరించినవాళ్లే. కష్టం రాగానే పడిపోయారు, ఎందుకంటే లోపల వేరు లేదు. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లు రావడం మంచిదే. డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసుకున్న వాగ్దానపు కార్డు (కొత్త ఏడాదికి వాక్యం రాసిన కార్డు) బీరువాకి అంటించుకోవడమూ మంచిదే. కానీ ఆ సంతోషాన్నే వేరు అనుకుంటే ప్రమాదం.

(తెరపై: దానియేలు 6:10)

మరి వేరు ఎలా పడుతుంది? దానియేలుని చూద్దాం. రాజు కొలువులో 120 మంది అధికారుల మీద ఉన్న ముగ్గురు ప్రధానుల్లో ఆయన ఒకడు. మన హైటెక్ సిటీ మేనేజర్లకు ఎంత తీరిక ఉంటుందో ఆయనకీ అంతే ఉండి ఉంటుంది. 30 రోజుల పాటు రాజుకి తప్ప ఇంకెవరికీ మొరపెట్టుకోకూడదని, పెట్టుకుంటే సింహాల గుహేనని శాసనం వచ్చింది. ఆయన ఇంటికి వెళ్లి, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న పైగదిలో, రోజుకి మూడుసార్లు మోకరించాడు. అంతకుముందు చేస్తున్నట్టే చేశాడు! ఆ రోజు కోసం ప్రత్యేకంగా ధైర్యం తెచ్చుకోవాల్సిన అవసరం రాలేదు. మోకాళ్లకి దారి ముందే తెలుసు.

యేసు ప్రభువు విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. పట్టుబడబోయే రాత్రి ఆయన ఎప్పుడూ వెళ్లే ఒలీవల కొండకే వెళ్లాడని లూకా 22:39 చెబుతోంది. సిలువ మీద, ఊపిరాడని బాధలో, ఆయన నోట వచ్చినవి కీర్తనల్లోని మాటలు: 22వ కీర్తన మొదటి వచనం, 31వ కీర్తన అయిదో వచనం. ఆ ఘడియలో వెతుక్కోవాల్సిన పని లేదు, ఆ మాటలు లోపలే ఉన్నాయి.

ఇది మనకి ఎక్కడ తెలుస్తుందంటే, ఐసీయూ బయట. రాత్రి రెండింటికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. లోపల నాన్న. ఫోన్‌లో చార్జింగ్ లేదు, బైబిల్ యాప్ తెరవలేరు. "ప్రభువా" అన్నాక మాట పెగలదు. అప్పుడు పైకి వచ్చేది చిన్నప్పుడు సండే స్కూల్లో టీచరమ్మ కంఠతా పట్టించిన 23వ కీర్తనే. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన వచనం సాయంత్రానికి మర్చిపోతాం. నోటికి వచ్చింది మాత్రం ఉంటుంది.

ఇంకో విషయం మన సంఘాల్లో తక్కువ మాట్లాడతాం. సాక్ష్యాలన్నీ విజయంతో ముగియాలని అనుకుంటాం. కానీ 88వ కీర్తన చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. దాన్ని కూడా దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న తమ్ముడితో "విశ్వాసం ఉంటే ఏడవకూడదు" అనకండి, దయచేసి. దేవుని దగ్గరికే వెళ్లి ఏడవడం విశ్వాసమే. అలా ఏడవడం రానివాడు కష్టం వచ్చినప్పుడు ఆయనతో మాట్లాడటమే మానేస్తాడు.

పడిపోతే? యేసు శిష్యుడు పేతురు పడిపోయాడు. కోడి కూయకముందే మూడుసార్లు యేసు ఎవరో తెలియదన్నాడు. కానీ అది జరగకముందే యేసు, "నీ నమ్మిక తప్పిపోకుండా నీ కోసం వేడుకొన్నాను" అన్నాడు, తిరిగి వచ్చాక నీ సహోదరులను స్థిరపరచమని పని కూడా అప్పజెప్పాడు. మనం నిలబడటం మన పట్టుదల మీద మాత్రమే ఆధారపడిలేదన్నది నాకు ఎంతో పెద్ద ఊరట.

(తెరపై: ఉదయం, అమీర్‌పేట మెట్రో స్టేషన్)

మొదలుపెట్టడానికి గంటలు అక్కర్లేదు. ఒక సమయం, ఒక చోటు పెట్టుకోండి. హాస్టల్లో ఉంటే మేడ మీద మూల చాలు. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో నిలబడి వెళ్తున్నా, ఒక్క వచనాన్ని మనసులో తిప్పుకుంటూ ఉండొచ్చు. వారంలో ఒకసారి, మీ నిజమైన పరిస్థితి తెలిసిన ఒక్కరితో కలిసి ప్రార్థించండి. పాస్టర్ గారే కావాల్సిన పని లేదు.

ఈ వారం 13వ కీర్తన తీసుకోండి. ఆరు వచనాలే. మొదటి రెండింటిలో దావీదు "ఎంతకాలం?" అని నాలుగుసార్లు అడుగుతాడు, ఆరోదానికి వచ్చేసరికి పాడతానంటాడు. ఈ రాత్రి పైకి చదవండి. మీరు ఇంకా మొదటి వచనం దగ్గరే ఉంటే, రేపు కూడా అదే చదవండి.