మనశ్శాంతి ఒంటరిగా దొరకదు

(అమలాపురంలో కార్తిక మాస సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు నమస్కారం.

కార్తిక మాసం కదా, కోటిపల్లి రేవులో మునిగి, ద్రాక్షారామంలో భీమేశ్వరుణ్ణి చూసుకుని వచ్చినవాళ్లు ఇక్కడ చాలామందే ఉంటారు. ఇందాక ఒకాయన అన్నారు: "గుడిలో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుందండి. ఇంటికెళ్లి గట్టు తగాదా గుర్తొస్తే మళ్లీ టెన్షనే." నిజమే. గట్టు తగాదా గుడి బయట చెప్పుల్లాగా మన కోసం కాచుకునే ఉంటుంది.

ముందు నా మనసు కుదుటపడాలి, తర్వాత అందరితో మంచిగా ఉంటాను అనుకుంటాం మనం. ఈశావాస్యోపనిషత్తు ఈ వరస తిరగేసింది. అన్ని ప్రాణుల్నీ తనలో, తనను అన్ని ప్రాణుల్లో చూసేవాడికి ఎవరి మీదా ఏవగింపు ఉండదంటుంది ఆరో మంత్రం. అలా ఒకటిగా చూసేవాడికి మోహమేమిటి, శోకమేమిటి అని ఏడో మంత్రంలో గాని అడగదు. ఏవగింపు పోవడం ముందు, దుఃఖం పోవడం తర్వాత. పద్దెనిమిదే మంత్రాలు. ముక్కు మూసుకుని ఎలా కూర్చోవాలో అందులో లేదు, పక్కవాణ్ణి ఎలా చూడాలో ఉంది.

వినడానికి బాగానే ఉంటుంది. మరి 2022 సంగతి చూడండి. మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చడం మీద గొడవై ఇదే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. జులైలో గోదావరి పొంగింది. లంకలు మునిగాయి. పడవ వస్తే అది ఎవరిదని అడిగినవాడు లేడు. ఒకే గుండిగలో వండిన అన్నం, పప్పుచారు అందరూ తిన్నారు. ఎవరి బిడ్డో తెలియని పసివాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక ముసలమ్మ ముద్దలు పెట్టడం నేను చూశాను. వాడు మారాం చేస్తుంటే కొంగుతో మూతి తుడిచి, మళ్లీ పెట్టింది. నీళ్లు తీశాయి. ఇళ్లలో బురద కడుక్కున్నాం. ఎవరి పేట వాళ్లదైపోయింది. భయంతో దగ్గరయ్యాం, భయం తీరగానే ఎడంగా జరిగాం. నాకు వరద కన్నా ఇదే ఎక్కువ బాధ.

భయం అవసరం లేకుండానే చూపు మార్చుకున్నవాళ్లు మన వైపు లేకపోలేదు. పిఠాపురంలో ఉమర్ ఆలీషా గారు (1885–1945) ముస్లిం కుటుంబంలో పుట్టి, తెలుగులో పద్యాలూ నాటకాలూ రాసి, సూఫీ తత్వాన్నీ వేదాంతాన్నీ కలిపి బోధించారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు 1904 నుంచి 1919 దాకా కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రిన్సిపాల్. బ్రహ్మసమాజికులు. దేవుడొక్కడే, మనుషులంతా సోదరులు అన్న మాటను ఆయన ప్రార్థన మందిరంలోనే వదిలిపెట్టలేదు. కాలేజీలో ఆడపిల్లల్ని చేర్చుకున్నారు, అనాథ పిల్లల్ని సొంత బిడ్డల్లా పెంచారు. ఆ రోజుల్లో ఆడపిల్ల కాలేజీ మెట్లెక్కడమంటే మాటలా!

ఒక అబ్బాయి చీటీ పంపాడు: "అందరిలో ఒకే ఆత్మ ఉందంటే, అన్యాయం చేసినవాణ్ణి కూడా ఊరికే వదిలెయ్యాలా?" మంచి ప్రశ్న నాయనా. వదలక్కర్లేదు. శివారు పొలానికి వంతు నీళ్లు రానివ్వకుండా పైన అడ్డుకట్ట వేసినవాణ్ణి అడగాల్సిందే, అవసరమైతే పదిమందిలో పెట్టాల్సిందే. అయితే ఆ అడిగేటప్పుడు వాడి కులాన్నీ, వాడి అమ్మనూ ఎత్తకుండా నీళ్ల సంగతి ఒక్కటే మాట్లాడగలమా? ఈ రెండు మంత్రాలు మనకు ఎంత పట్టాయో కాలవ గట్టు మీదే తెలుస్తుంది.

ఇంకా ప్రశ్నలుంటే భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. పంక్తి అందరికీ ఒకటే వేశారు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి.