పిల్లికూత ఒక్క పక్కనే వినిపిస్తే

అందరికీ నమస్కారం. కొత్తగా ఓపీలో కూర్చుంటున్న డాక్టర్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి, స్లైడ్ల జోలికి పోకుండా ఒక శబ్దంతో మొదలుపెడతాను.

ఆయాసం, పిల్లికూతలు అనగానే ఉబ్బసం అని రాసేస్తాం. చాలాసార్లు అది ఉబ్బసమే. అందులో రెండు పక్కలా ఎన్నో సన్న గొట్టాలు ఒకేసారి ముడుచుకుంటాయి. స్టెతస్కోపు ఎక్కడ పెట్టినా రకరకాల కూతలు కలగాపులగంగా వినిపిస్తాయి. అదే, ఒక పెద్ద గొట్టానికి కార్సినాయిడ్ అనే ఒక రకం కణితి అడ్డుపడితే వినిపించేది ఒకే శ్రుతి, అదీ ఒక్క పక్కనే. దగ్గించి చూసినా పోదు. ఈ తేడా పట్టుకోవడానికి ఒక్క నిమిషం చాలు. రద్దీలో ఆ నిమిషమే దొరకదు, ఒప్పుకుంటాను.

ఊపిరితిత్తుల కణితుల్లో కార్సినాయిడ్లు 1–2 శాతమే. పొగతాగని వాళ్లకీ, చిన్న వయసు వాళ్లకీ వస్తాయి, మెల్లగా పెరుగుతాయి. ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. దాంతో ఇన్‌హేలర్ మారుస్తాం, డోసు పెంచుతాం. నన్నడిగితే, డోసుకంటే ముందు మనం పెట్టిన పేరును అనుమానించాలి. కఫంలో నెత్తురు జీర కనిపించినా, న్యుమోనియా తగ్గి మళ్లీ అదే చోట వచ్చినా సీటీ తీయించండి. చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలు వెలిగి కనిపించే పెట్ స్కాన్‌లో గడ్డ పెద్దగా వెలగలేదని నిశ్చింతగా ఉండకండి. మామూలు పెట్‌లో కార్సినాయిడ్ చాలాసార్లు మసకగానే ఉంటుంది. ఇలాంటి కణితుల్ని పట్టుకోవడానికి గాలియం-68 పెట్ అనే స్కాన్ వేరే ఉంది.

ముక్క పరీక్షలోనూ ఒక చిక్కుంది. తీసిన ముక్క చిన్నదై, పట్టకారులో నలిగిపోతే, కార్సినాయిడ్ కణాలు స్మాల్ సెల్ అనే, వేగంగా పెరిగే ఊపిరితిత్తుల క్యాన్సర్‌లా కనిపిస్తాయి. మొదటిది చాలామందికి ఆపరేషన్‌తోనే నయమవుతుంది. రెండోదానికి ఎక్కువగా కీమోథెరపీయే. ఒక పేరు బదులు ఇంకో పేరు పడితే మనిషి దారే మారిపోతుంది. అనుమానం ఉంటే కేఐ-67, అంటే ఎంత శాతం కణాలు విభజన చెందుతున్నాయో చెప్పే అంకె, చూడమని పాథాలజిస్టును అడగండి. స్మాల్ సెల్‌లో ఆ అంకె సాధారణంగా 50 శాతం దాటుతుంది. కార్సినాయిడ్‌లో అంత ఉండటం అరుదు.

ఇంతకంటే అరుదైనది పల్మనరీ ఆర్టరీ సార్కోమా, అంటే గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనిలో పుట్టే క్యాన్సర్. సీటీలో అచ్చం రక్తపు గడ్డలా ఉంటుంది, రక్తం పలచబడే మందులు మొదలవుతాయి. వారాలు గడిచినా అది కరగదు, పైగా పెరుగుతుంది. కొత్తగా కట్టిన రక్తపు గడ్డలోకి రక్తం పారదు, కణితిలోకి పారుతుంది. అందుకే కాంట్రాస్ట్ ఇచ్చి ఎమ్మారై తీస్తే కణితి వెలుగుతుంది.

ఇక మీ ప్రశ్నలు వింటాను.