క్యాజువాలిటీ నర్సుకు మింగుడుపడనివి

(గుంటూరులో క్యాజువాలిటీ నర్సుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

సిస్టర్లకు, బ్రదర్లకు నమస్కారం.

నైట్ డ్యూటీ దిగాక ఒళ్ళు నొప్పులుంటే అది అలసట. రెండ్రోజులు సెలవు పెడితే పోతుంది. సెలవులోనూ అదే పేషెంటు కళ్ళముందు మెదులుతుంటే సంగతి వేరు. చెయ్యాల్సింది తెలిసీ, ఆసుపత్రి పద్ధతులు అడ్డుపడి చెయ్యలేకపోవడాన్ని అమెరికా తత్వవేత్త ఆండ్రూ జేమ్టన్ 1984లో మోరల్ డిస్ట్రెస్ అన్నాడు. మనం నైతిక వేదన అందాం.

మిరప, పత్తి పండే ఊళ్ళ నుంచి మనకు పురుగుమందో గడ్డిమందో తాగిన కేసులు వస్తాయి. గడ్డిమందు సంగతే చూడండి, అదే పారాక్వాట్. తాగినవాడు మొదటిరోజు కూర్చుని మాట్లాడతాడు, ఇంటివాళ్ళు గండం గడిచిందనుకుంటారు. దానికి విరుగుడు లేదు, ఎక్కువ తాగితే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఆయాసపడుతున్నా డాక్టరు వెంటనే ఆక్సిజన్ పెట్టనివ్వడు. ఆక్సిజన్ ఆ విషానికి ఆజ్యం పోసినట్టే, అందుకని శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, బాగా పడిపోయాకే ఇస్తారు. కారణం తెలియని నర్సుకు ఇది కర్కశత్వం అనిపిస్తుంది. ఎందుకని అడిగితే ఈ బాధ అక్కడికక్కడే తీరుతుంది.

తీరనిది ఇంకొకటుంది. "నర్సమ్మా, మావాడు ఎప్పుడు లేస్తాడు?" అని తల్లి అడుగుతుంది. నిజం ఎవరూ చెప్పి ఉండరు. అప్పుడు డ్యూటీ డాక్టరుతో, "సార్, రేపు ఇంటికి పంపుతారనుకుంటున్నారు. ఎన్నింటికి మాట్లాడదాం? నేనూ పక్కనుంటా" అనండి. "ఎవరైనా చెబితే బాగుండు" అన్నారా, ఎవరూ చెప్పరు. టైము, ఎవరికి తెలిపారు, ఏమన్నారు, ఇంతవరకే నోట్స్‌లో రాయండి. మీ కోపం రాయకండి. ఇది ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు, ఆ కాగితం కోర్టు దాకా వెళ్తుంది.

కాంట్రాక్టు మీదున్నవాళ్ళు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్ళొద్దు, హెడ్ నర్సును వెంటపెట్టుకోండి. అమెరికా క్రిటికల్ కేర్ నర్సుల సంఘం ఈ వేదనకు చెప్పిన నాలుగు మెట్లలో తనను తాను అడగడం, నిర్ధారించుకోవడం, తూకం వెయ్యడం, చెయ్యడం ఉన్నాయి. మనవాళ్ళు మూడోది దాటేసి నాలుగో మెట్టు మీద కాలు జారతారు.

కేసు ముగిసినా లోపల మడ్డి మిగులుతుంది, తర్వాతి కేసు దానిమీదే మొదలవుతుంది. "సర్దుకుపో" అనే సలహా ఈ మడ్డిని కదపదు. కొన్నాళ్ళకు ఆ బెడ్ వైపు వెళ్ళబుద్ధి కాదు, అటెండెంట్ల మీద విసుక్కుంటాం. దాన్ని పొగరనుకుంటారు. అందుకే డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో ఒక్కొక్కరూ తమ వేదన ఎంతుందో 0 నుంచి 10 లోపు ఒక అంకె చెప్పండి, ఏ బెడ్ వల్లో కూడా. వారం తర్వాత కూడా అంకె దిగకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి. రాత్రి రెండింటికైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.