కొండరాయి మీద మంచు గీతలు

శ్రోతలకు నమస్కారం.

1815లో స్విట్జర్లాండ్‌లోని ఒక కొండలోయలో పెరోడాఁ అనే వేటగాడు, తన ఇంట్లో బస చేసిన షార్పాంటియే అనే గనుల అధికారితో ఒక మాటన్నాడు. ఈ లోయ ఒకప్పుడు మంచుతో నిండి ఉండేదట. ఎలా తెలుసంటే, కొండవాలు మీద ఎక్కడో ఎత్తున ఆగిపోయిన పెద్ద పెద్ద బండల్ని చూపించాడు. అంతటి బండల్ని నీళ్లు మోయలేవన్నాడు. ఆ అధికారి నమ్మలేదు. సుమారు ఇరవై ఏళ్ల తర్వాత అదే వాదనను ఆయనే పండితుల ముందు పెట్టాడు. కొండల్లో తిరిగే మనిషి కళ్లు ముందే చదివేశాయి కదా, అందుకే నాకీ కథంటే చాలా ఇష్టం.

ఆ బండల్ని తెచ్చింది మంచేనని ఎలా పోల్చుకోవాలి? నది తెచ్చిన రాళ్లు దొర్లి దొర్లి నున్నబడతాయి. నీటి వేగం తగ్గేకొద్దీ ముందు పెద్ద రాళ్లు, తర్వాత ఇసుక, చివరికి ఒండ్రు వరసగా దిగుతాయి. మంచు అలా వేరుచేయదు. ఇల్లంత బండనీ పిండిలాంటి ధూళినీ కలిపి ఒకే గుట్టగా వదిలేస్తుంది. ఆ గుట్టనే మొరైన్ అంటారు. అయితే బురద ప్రవాహం కూడా ఇలాగే కలగాపులగంగా వదులుతుంది. అందుకని ఇదొక్కటే చాలదు. హిమానీనదం, అంటే మెల్లగా కిందికి జారే మంచు ప్రవాహం, దాని అడుగున ఇరుక్కున్న రాళ్లు కింది శిలను గీరుకుంటూ పోతాయి. ఒకే దిక్కుకు సాగే ఆ సన్నని గీతలు మంచు ఎటు కదిలిందో చెబుతాయి. నది కోసిన లోయ అడుగున ఇరుకుగా ఉంటే, మంచు దొలిచినది తొట్టెలా వెడల్పుగా ఉంటుంది.

ఇక కొండలు పైకి లేచాయనడానికి సాక్ష్యం. 8,848 మీటర్ల ఎవరెస్ట్ శిఖరం మీది రాయి, సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి! అందులో 45 కోట్ల ఏళ్లకు పైబడిన సముద్రజీవుల ముక్కలున్నాయి. గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లోని చక్రాలు కూడా అమ్మోనైట్లనే సముద్రజీవుల గుల్లల అచ్చులే. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క, ఆసియాను ఢీకొంది. సముద్రపు అడుగును కొండలుగా పైకి లేపిన ఆ ఒత్తిడి ఇప్పటికీ ఆగలేదు.

ఈ రెండు కథలూ ఒకచోట కలుస్తాయి. మంచు, నదులు కొండను అరగదీసి మట్టిని మోసుకుపోతే, బరువు దించిన పడవలా అడుగు నేల కాస్త పైకి తేలుతుంది.

మంచు కరిగి బండ బయటపడిన క్షణం నుంచి అంతరిక్షపు కిరణాలు దాని మీద పడుతూనే ఉంటాయి. వాటివల్ల రాతిలో బెరీలియం-10 అనే పరమాణువులు కొద్దికొద్దిగా పుడతాయి. వాటిని లెక్కపెట్టి, మంచు ఎప్పుడు వెనక్కి తగ్గిందో చెబుతున్నారు. పెరోడాఁ చూపించిన వాటిలాంటి బండలకు ఇప్పుడు వయసు కడుతున్నది ఈ లెక్కతోనే.