దొడ్లో గ్రిల్లు, కనిగిరి బొగ్గు

అక్క: రికార్డవుతుండాదా? ఎర్ర లైటు వెలగలేదే.

తమ్ముడు: అవుతుండాది. మైకు దగ్గిరికి జరుగు అక్కా. పోయిన తూరి నీ గొంతు బావిలో నించి వచ్చినట్టుండాదని ముగ్గురు రాసినారు.

అక్క: సరే సరే. అందరికీ నమస్కారం. ఈ వారం గ్రిల్లు. దొడ్లో పెట్టుకుని బొగ్గుల మీద కాల్చుకునేదానికి ఏది కొనాలని ఆత్మకూరు నించి ఒకబ్బాయి అడిగినాడు, కావలి నించి ఒకమ్మ అడిగింది. వీడు పది రోజుల్నించి ఇదే పనిగా ఉండాడు. చెప్పరా.

తమ్ముడు: ఒక్క మాటతో మొదలుపెడతా. మూత.

అక్క: వచ్చింది.

తమ్ముడు: మూత ఉండాల అక్కా! మూత లేకపోతే అది కుంపటి. కుంపటిని తక్కువ చెయ్యడం లే, అమ్మ కుంపటి మీద కాల్చిన వంకాయ పచ్చడికి నేనిప్పటికీ ప్రాణం పెడతా. కానీ కుంపటి మీద కోడి కాలు పెట్టు. పైన మాడతది, ఎముక కాడ నెత్తురు కనపడతది. మూత వేస్తే వేడి లోపలే తిరిగి నాలుగు పక్కల నించీ ఉడికిస్తది. అసలా గుండ్రటి గ్రిల్లు ఎట్టా పుట్టిందో తెలుసా? 1952లో, అమెరికాలో, షికాగో దగ్గిర. వెబర్ బ్రదర్స్ అనే ఇనప పనుల కంపెనీలో జార్జ్ స్టీఫెన్ అని ఒకాయన. వాళ్ళు బోయాలు చేసేవాళ్ళు, అంటే ఓడలకి గుర్తుగా సముద్రంలో తేలే గుండ్రటి గుల్ల ఇనప బుడ్డలు. ఈయనకి ఇంటెనక ఇటకల పొయ్యి ఉండేది, గాలి కొడితే బూడిదంతా మాంసం మీదే. బోయాని అడ్డంగా రెండు ముక్కలు చేసి, కింద ముక్కకి కాళ్ళు పెట్టి, పై ముక్కకి పిడి పెట్టినాడు. అదీ మూత!

అక్క: కృష్ణపట్నం పోర్టు కాడికి పోయినప్పుడు బోయా చూపించి నువ్వు అరిచింది ఇందుకా?

తమ్ముడు: అందుకే. బావ కారాపేశాడు గూడా.

అక్క: ఆ సంగతి ఇప్పుడెత్తబాక. సైజు చెప్పు, వాళ్ళు అడిగింది అది.

తమ్ముడు: నలుగురైదుగురుండే ఇంటికి పద్దెనిమిది అంగుళాల వెడల్పు చాలు. బంధువులొచ్చే ఇల్లయితే ఇరవై రెండు, అంటే దాదాపు 56 సెంటీమీటర్లు. పెద్దది తీసుకుంటే లాభం యాడుందంటే, బొగ్గులన్నీ ఒక పక్కకి నెట్టి రెండో పక్క ఖాళీగా పెట్టుకోవచ్చు. కోడి ముందు ఖాళీ పక్కన, మూతేసి నిదానంగా. లోపల ఉడికినాక నిప్పు మీదికి జరిపి రంగు తెప్పిస్తాం. మాంసంలో గుచ్చే తర్మామీటరు కొనుక్కోండి, కోడికి 74 డిగ్రీలు రావాల. వంజరం ముక్కలకీ రొయ్యలకీ ఇదంతా అక్కర్లా. నిప్పు మీద పెట్టినామా తీసినామా. రొయ్య పక్కకి రెండు నిమిషాలు దాటితే రబ్బరే.

అక్క: నిన్న చందువా చేసినావంట. పిల్లలు చెప్పినారు. ఏం బొగ్గు వేసినావు?

తమ్ముడు: బిళ్ళలు.

అక్క: ఏం బిళ్ళలు?

తమ్ముడు: బొగ్గు బిళ్ళలు అక్కా. ఆన్‌లైన్లో తెప్పించినా, ఐదు కిలోల సంచి.

అక్క: కనిగిరోడివిరా నువ్వు! నాయన బొగ్గుల కాంటా కాడ మూటల మీద పడి నిద్రపోయినోడివి. బొగ్గుని పార్సిల్లో తెప్పించుకుంటావా?

తమ్ముడు: ముందు విను. బిళ్ళలన్నీ ఒకే సైజు. ఇన్ని వేస్తే ఇంత వేడి, ఇంతసేపు నిలుస్తది అని లెక్క తెలుస్తది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి అదే మేలు.

అక్క: బిళ్ళ అంటే ఏంది? బొగ్గు నుసిని గంజితో కలిపి అచ్చు పోసింది. బూడిద ఎంతొస్తదో నిన్న ఎత్తిపోసినావు గదా, చెప్పు. మన చిల్లకంప బొగ్గు ఇంత వేస్తే గుప్పెడు బూడిద రాదు. వేడి దానికంటే ఎక్కువ.

తమ్ముడు: వినేవాళ్ళకి చెప్తుండా, చిల్లకంప అంటే సర్కారు తుమ్మ. సీమ తుమ్మ అంటారే, అదే.

అక్క: రోడ్డు పక్కన, చెరువు లోపల, బీడు భూముల్లో యాడ చూసినా అదే. మనది కాదు ఆ చెట్టు. జమైకా నించి విత్తనాలు తెప్పించి 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటినారు. వంటచెరుకు కోసమని తెచ్చింది మన పొలాల్ని ఆక్రమించింది, దాన్ని తిట్టని రైతు లేడు. కానీ టెక్సాస్ వాళ్ళు మాంసం కాల్చేదానికి మెస్కీట్ మెస్కీట్ అని ప్రాణం పెడతారే, ఆ చెట్టూ మన చిల్లా దాయాదులు! వాళ్ళు డబ్బులు పోసి కొనుక్కునే కట్టె మన పామూరు రోడ్డు పొడుగునా ఉండాది.

తమ్ముడు: ఒప్పుకుంటా. కానీ చిటపటలాడతది. పోయిన సంక్రాంతికి నిప్పురవ్వ ఎగిరి చిన్నోడి చొక్కాకి కంత పడలేదా?

అక్క: అది పచ్చి బొగ్గురా! సరిగ్గా కాలనిది, లేకుంటే తడిసింది. దానికి చిల్లని అంటే ఎట్టా? ఉండు, సంచి తెచ్చినా. మైకు ఇటియ్యి. ఇది వినండి. (టంగ్‌మని చప్పుడు) గాజు మీద కొట్టినట్టు మోగిందా? ఇది బాగా కాలిన బొగ్గు. విరిస్తే లోపల నల్లగా మెరుస్తది. ఇప్పుడీ ముక్క. (డబ్‌మని చప్పుడు) పిడక మీద కొట్టినట్టుంది. విరిస్తే చూడు, మధ్యలో ఇంకా కట్టె రంగే. ఇది పొగొస్తది, పేలుతది, చేపకి చేదు పట్టిస్తది. నాయన కాంటాకెత్తే ముందు ప్రతి మూటలో నించి రెండు ముక్కలు తీసి ఇట్టానే కొట్టి వినేవాడు.

తమ్ముడు: చెవి దగ్గిర పెట్టుకునేవాడు.

అక్క: చెవి దగ్గిరే. చేతులు నలుపు, కుడి చెవి నలుపు.

తమ్ముడు: (నవ్వు) అమ్మ చెవే ముందు తోమేది.

అక్క: బట్టీ కాడికి నిన్నొక రాత్రి తీసుకుపోయినాడు, జ్ఞాపకముందా? నువ్వు ఆరో తరగతి.

తమ్ముడు: బాగా జ్ఞాపకం. కట్టెలు గుడిసె మాదిరి పేర్చి, పైన ఆకూ అలమూ కప్పి, దాని మీద తడి మట్టి మెత్తినారు. కింద చుట్టూ బెజ్జాలు. మంట కనపడదు, పొగ ఒక్కటే. మొదట తెల్లగా, దట్టంగా వస్తది, అది కట్టెలో నీళ్ళు పోవడం. రోజులు గడిచేకొద్దీ పలచబడి నీలంగా తిరుగుతది. నీలం పొగ కనపడితే బెజ్జాలన్నీ మూసేస్తారు.

అక్క: చూడు, నువ్వు మాట్లాడే మూతే అది. గాలి ఆడితే బూడిద, గాలి ఆగితే బొగ్గు.

తమ్ముడు: అవునక్కా. రాత్రంతా ఎవరో ఒకరు మేలుకుని ఉండాల. మట్టి కప్పు యాడన్నా కుంగిందంటే గాలి దూరుతది, తెల్లారేసరికి అంతా బూడిదే. నాలుగైదు కిలోల కట్టె కాలిస్తే కిలో బొగ్గు. ఆ రాత్రి కాపలా ఉన్నది ఒకామె. చంకలో బిడ్డ. మట్టి ముద్ద చేత్తో పట్టుకుని బట్టీ చుట్టూ తిరగతానే ఉండాది, పగులు కనపడితే అద్దేది. అరికాళ్ళు రెండూ గుడ్డలు చుట్టుకుని ఉండాది, ముళ్ళు దిగి.

అక్క: ఊఁ.

తమ్ముడు: నేను చిల్ల బొగ్గు కొననిది అందుకు. రవ్వల కోసం కాదు. ఇన్నాళ్ళూ నీకు చెప్పలా.

అక్క: చెప్పు.

తమ్ముడు: ఆమె వాళ్ళ ఆయన అడ్వాన్సు తీసుకున్నాడంట. ఎంతని నాయన్నడిగితే చెప్పలా. ఎన్ని బట్టీలు కాల్చినా ఆ బాకీ తీరదంట. బడి ఈడు పిల్లలు ఆడే ఉండారు, కట్టె మోస్తా. యానాదోళ్ళు అక్కా. వెట్టిచాకిరీ నిషేధం అని 1976లోనే చట్టమొచ్చింది. మనం చూసింది తొంభైల్లో. అప్పట్నించి ఆ సంచి చూస్తే నాకు ఆ కాళ్ళే కనపడతాయి.

అక్క: నాయన తీసుకున్న బొగ్గు గూడా ఆమెదే.

తమ్ముడు: నాయన్ని అనడం లే.

అక్క: అనకపోయినా అంతే గదరా. ఆ కాంటా డబ్బుల్తోనే నువ్వు చదివినావు, నా పెళ్ళయ్యింది.

(కాసేపు మాటలు లేవు)

అక్క: నేనొకటి చెప్తా. నువ్వు బిళ్ళలు కొన్నందువల్ల ఆమె బాకీ తీరిందా? ఆమె కాల్చిన బొగ్గు ఇంకెవరో కొన్నారు, అంతే. ఆమె మోసింది తగ్గలా.

తమ్ముడు: మరి కొని మాత్రం ఏం చేసినట్టు?

అక్క: యాడ కొంటుండామో చూసి కొనాల. ఈ సంచి నేను తెచ్చింది అంగట్లో కాదు. అద్దంకి అవతల ఒక కుటుంబం, వాళ్ళ బట్టీ వాళ్ళదే, అడ్వాన్సు ఎవురి కాడా లేదు. పిల్ల ఇంటరు చదవతా ఉండాది. కిలోకి అంగటి కంటే ఎక్కువే ఇచ్చినా, కాంటా గూడా వాళ్ళదే. అడగాలరా. ఎవురు కాల్చినారు, ఎవురు తూచినారు అని. టమేటాలకి అడగతాం, బియ్యానికి అడగతాం.

తమ్ముడు: అందరికీ అద్దంకి దాకా పోయేదానికి కుదురుతదా?

అక్క: కుదరదు. కుదిరినోళ్ళన్నా పోవాల. సముద్రం పక్కనుండేవాళ్ళకి సరుగుడు బొగ్గుంది, కొబ్బరి చిప్పల బొగ్గుంది. దానికీ ఇదే ప్రశ్న.

తమ్ముడు: నాకింకా ఒప్పుదల కాలా.

అక్క: కాబాక. కానీ ఈ సంచి ఇక్కడే వదిలిపెట్టి పోతుండా.

తమ్ముడు: సరే. ఆత్మకూరబ్బాయి ఎదురుచూస్తా ఉంటాడు, గబగబా చెప్పేస్తా. రేకు మందం చూడండి, వేలితో నొక్కితే లొట్టపడేది వద్దు. నేను మొదట కొన్నది అట్టాంటిదే, రెండో నెలకే పెయింటు పెచ్చులూడి చేప మీద పడింది. పింగాణీ పూత పూసింది మన్నిక. మైపాడు, కొత్తపట్నం పక్కనుండేవాళ్ళకి ఉప్పుగాలి, కమ్మీలు స్టీలువి తీసుకోండి. పోత ఇనుముది బాగానే కాలుస్తది గానీ తుడిచి నూనె రాయకపోతే తుప్పు.

అక్క: డ్రమ్ము కోయించి చేయించుకుంటామనేవాళ్ళకి?

తమ్ముడు: రెండొందల లీటర్ల డ్రమ్ము నిలువునా కోసి, కీలు పెట్టించుకుంటే మూత గూడా వస్తది! మంచిదే. వంటనూనె డ్రమ్మే తీసుకోవాల. పురుగుమందుల డ్రమ్ము, రసాయనాల డ్రమ్ము ముట్టబాకండి. జీఐ రేకు గానీ జీఐ జాలీ గానీ అసలొద్దు, జింకు పూత కాలి పొగొస్తే చలిజ్వరం పట్టుకుంటది, వెల్డింగ్ వాళ్ళనడగండి. గాలి బెజ్జాలు కిందా ఉండాల, మూతకీ ఉండాల, రెండూ తెరిచి మూసేటట్టు.

అక్క: ఇంటి లోపల?

తమ్ముడు: వద్దు. వానొచ్చిందని వరండాలోకి, కారు షెడ్డులోకి జరపబాకండి. బొగ్గు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటది, రంగుండదు, వాసనుండదు, మనిషి నిద్రలోనే పోతాడు. బొగ్గు ఎర్రగా ఉన్నంతసేపూ అది వస్తానే ఉంటది.

అక్క: కింద ఏం పరుచుకోవాలో కావలమ్మ అడిగింది.

తమ్ముడు: చీమకుర్తి రాయి తుంటలుంటే పరుచుకోమ్మా. నిప్పు నేరుగా తగలకూడదు, తగిలితే పగులుతది. అయిపోయినాక మూతా బెజ్జాలూ మూసేస్తే బొగ్గు ఆరిపోతది, మిగిలింది మళ్ళా వాడుకోవచ్చు. చూసినావా, మూత.

అక్క: బట్టీ ఆపినట్టే.

తమ్ముడు: ఊఁ. అక్కా, ఆ బిడ్డకి ఇప్పుడు నా వయసుంటది గదా.

అక్క: నీకంటే పదేళ్ళు చిన్న. బొగ్గు రాజేసే చిమ్నీ డబ్బాలో పైన బొగ్గు గూడా తెల్లబడింది చూడు, లే. వంజరం ముక్కలు ఫ్రిజ్జులో కింద అరలో పెట్టినా, పట్రా.

తమ్ముడు: ఏ బొగ్గు వేసినావు?

అక్క: ముందు తిను, తర్వాత అడుగు. ఇది ఆపు, ఎర్ర లైటు ఇంకా—