నులక మంచం మీద కాంటెస్సా డాష్‌బోర్డు

అల్లుడు: నమస్కారమండీ. ఇవాళ రికార్డింగు అమలాపురం దగ్గర, మా మావయ్య గారి కొబ్బరితోటలో. నీడలో ఉన్నది తాతగారి కాంటెస్సా కారు. మావయ్యా, మీరు ఇంట్లోనే బాగుచేసి కొత్త రెక్సిన్ తొడిగిన ఈ డాష్‌బోర్డు అంతకుముందు ఎలా ఉండేదో చెప్పండి.

మావయ్య: ఎండిన చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టు పగిలిపోయింది అల్లుడూ. మధ్యలో నాన్న అతికించిన అంతర్వేది నరసింహస్వామి బొమ్మ ఉండేది. అది ఊడదీస్తే కింద నాలుగంగుళాల మేర నల్లగా, మెత్తగా, కొత్తదాన్లా ఉంది! ఎండ తగలని చోటు అదొక్కటే మరి.

అల్లుడు: అంటే మిగతాదంతా ఎండే తినేసిందా?

మావయ్య: ఎండా, వేడీ కలిసి. పైతొడుగు పీవీసీ. అది మెత్తగా ఉండటానికి నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. మండుటెండలో మూసిన కారులో డాష్‌బోర్డు పైన 70 డిగ్రీలు దాటేస్తుంది. ఆ వేడికి ప్లాస్టిసైజర్ ఏటికేడాదీ ఎగిరిపోతుంది. ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుపొర పడుతుందే, అందులో ఇదీ ఉంటుంది. అది పోయాక తొడుగు బిరుసెక్కి, కుంచించుకుని పగులుతుంది.

అల్లుడు: విప్పడం ఎలా?

మావయ్య: ఒక ఆదివారం పట్టింది. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేశా. ప్రతి వైరుకీ, అది దిగే చోటుకీ ఒకే నంబరు రాసి టేపు చుట్టా. ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా, ఎయిర్‌బ్యాగులున్న కార్లకి ఇంట్లో ఈ పని పెట్టుకోవద్దు. బ్యాగు చీల్చుకొచ్చే మూత మీద రెక్సిన్ అంటిస్తే అది సరిగ్గా తెరుచుకోదు.

అల్లుడు: ఆయ్. విప్పింది మంచం మీద పెట్టారంట కదా?

మావయ్య: నులక మంచం మీద. నులక కుంగి దాన్ని ఒళ్లో పెట్టుకున్నట్టు పట్టుకుంది, కదల్లేదు. స్క్రూలు దిగే మూలలు విరిగిపోయి ఉన్నాయి. కాకినాడ, ఉప్పాడ వైపు ఫైబర్ బోట్లకి చిల్లులు పూడ్చే పద్ధతే వాటికీ వాడా. అడుగునుంచి గ్లాస్ మ్యాట్, అంటే గాజుపీచు గుడ్డ, వేసి రెసిన్ అనే బంక పట్టించా. రెసిన్‌లో ముందు అది త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్టు మందు బాగా కలిపేసి, ఆ తర్వాతే గట్టిపడటం మొదలుపెట్టించే క్యాటలిస్టు పొయ్యాలి. ఆ రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే పేలుతుంది, నిజంగానే పేలుతుంది. ఇంట్లో పిల్లలుంటే రెండు సీసాలూ వేర్వేరు అలమరల్లో పెట్టండి.

అల్లుడు: మరి పైన పగుళ్లకి?

మావయ్య: బాడీ పుట్టీ పెట్టకూడదు. అది గట్టిది, కింద ఫోమ్ మెత్తన. మళ్లీ అక్కడే చీలుతుంది. పగులుని చాకుతో పల్లంగా కోసి, పొడిపొడిగా రాలే ఫోమ్ తీసేసి, వంగే రకం ఫిల్లర్ నింపా. తర్వాత 80 నంబరు ఉప్పు కాగితం, ఆపైన 180. చూపుకి ఆనని మిట్ట కూడా కళ్లు మూసుకుని అరచేత్తో రాస్తే దొరుకుతుంది.

అల్లుడు: మొదటిసారి రెక్సిన్ లేచిపోయిందన్నారు?

మావయ్య: శ్రావణ మాసంలో అంటించా. ముసురు. జిగురులో ద్రావకం ఎగిరిపోతూ ఆ పొరని చల్లబరుస్తుంది, గాల్లో తేమ దాని మీద వాలుతుంది. తెల్లటి మసకలా కనిపించింది, ఆరిందనుకుని నొక్కేశా. సంక్రాంతికల్లా మీటర్ల మీద గొడుగుంటుంది చూడు, దాని లోపలి వంపు దగ్గర బుడగలా లేచింది. మనసు చివుక్కుమంది. మొత్తం ఊడదీసి, దాళ్వా, అదే రెండో పంట వరి, కోతలప్పుడు, పొడి ఎండ చూసుకుని మళ్లీ మొదలెట్టా.

అల్లుడు: ఈసారి ఏం మార్చారు?

మావయ్య: రెండువైపులా జిగురు రాసి, వేలి వెనకభాగం ఆనిస్తే అంటుకోకుండా ఆరేదాకా ఆగా. ఆ లోపలి వంపులో రెండు పూతలు. మధ్యనుంచి మొదలెట్టి, హీట్ గన్‌తో వెచ్చబెట్టి, బొటనవేలితో లోపలికి నొక్కుతూ అంచులకి వచ్చా. రెక్సిన్‌ని లాగి లాగి ఆ వంపు మీదుగా సాగదీస్తే అది తిరిగి కుంచించుకోవాలనే చూస్తుంది. అందుకే అక్కడ కోసి, కుట్టు వేయించా. మీ అత్తయ్య లేత గోధుమరంగు అడిగింది గానీ, లేతరంగు ఎండలో అద్దం మీద ప్రతిబింబిస్తుంది, రోడ్డు కనపడదు. మెరుపు లేని నలుపే వేశా.

అల్లుడు: బొమ్మ మళ్లీ పెట్టలేదేం?

మావయ్య: జిగురు వాసన పూర్తిగా పోవాలి. వారంగా అద్దాలు దించి ఇక్కడే ఉంచా. పాత తొడుగులో ఆ నాలుగంగుళాల ముక్క మాత్రం కోసి దాచా. ఇదిగో, పట్టుకుని చూడు, ఇప్పటికీ ఎంత మెత్తగా ఉందో.